ప్రయాణ బీమాకు కుటుంబ వైద్యుని నివేదిక (బ్రిటన్)

ప్రయాణ బీమా పాలసీ ఇచ్చేముందు గానీ, క్లెయిమ్ వచ్చిన తరువాత గానీ, పాలసీదారు ఆరోగ్య చరిత్ర తెలుపుతూ అతని సొంత డాక్టరు రాసి ఇచ్చే పత్రమే ప్రయాణ బీమా వైద్య నివేదిక. బ్రిటన్‌లో ఈ పని జనరల్ ప్రాక్టీషనర్‌ది. అక్కడివారు పొడి అక్షరాల్లో జీపీ అంటారు. మన వాడుకలో ఫ్యామిలీ డాక్టర్. విమాన ప్రయాణానికి తగినవాడని ఇచ్చే ధ్రువపత్రం, టీకాల పత్రం ఈ కోవకు దగ్గరివే కానీ ఇదే కావు. ఈ వ్యాసం ప్రధానంగా బ్రిటన్ పద్ధతిని వివరిస్తుంది. విదేశాలకు వెళ్లే తెలుగువారికి సంబంధించిన విషయాలు చివరి భాగంలో ఉన్నాయి.

ఈ వ్యవహారంలో జీపీ పాత్ర సాక్షిది. క్లెయిమ్ చెల్లుతుందా లేదా అని తేల్చడం బీమా సంస్థ పని. తన రికార్డులో ఏముందో, ఏ తేదీన ఏం జరిగిందో చెప్పడం వరకే జీపీ బాధ్యత. ఈ రంగంలో వచ్చే తగాదాలు చాలావరకు ఈ గీత చెరిగిన చోటే పుడతాయి.

జీపీనే అడగడానికి కారణం

బ్రిటన్‌లో దాదాపు ప్రతి వ్యక్తీ ఏదో ఒక జీపీ ప్రాక్టీసులో నమోదై ఉంటాడు. ఊరు మారి కొత్త ప్రాక్టీసులో చేరితే పాత రికార్డు అతని వెంటే వస్తుంది. ఆసుపత్రిలో నిపుణుడు చూసినా, అత్యవసర విభాగానికి వెళ్లినా, దాని సారాంశం ఉత్తరంగా జీపీకి చేరుతుంది. పుట్టినప్పటి నుంచి ఉన్న ఆరోగ్య చరిత్ర ఒకేచోట పోగుపడేది అక్కడే.

ఈ రికార్డు మొదలైందీ బీమాతోనే. ఆర్థిక మంత్రి లాయిడ్ జార్జి తెచ్చిన 1911 జాతీయ బీమా చట్టంతో కార్మికులకు డాక్టరు సేవ ఏర్పడి, రోగి వివరాలు రాసుకునే కార్డులు వచ్చాయి. వాటిని దాచే చిన్న అట్ట కవర్లను నేటికీ లాయిడ్ జార్జి కవర్లు అంటారు. 1948 జూలై 5న జాతీయ ఆరోగ్య సేవ, అంటే ఎన్‌హెచ్‌ఎస్, మొదలైనప్పుడు ఆ పద్ధతి దేశంలో అందరికీ వర్తించింది. 1980లలో డాక్టర్ జేమ్స్ రీడ్ రూపొందించిన రీడ్ కోడ్‌లతో (జబ్బులను, చికిత్సలను రాసే సంకేతాలతో) రికార్డు కంప్యూటరుకు ఎక్కడం వేగమందుకుంది. 2018 నుంచి ఇంగ్లండు జీపీలు స్నోమెడ్ సీటీ కోడ్‌లకు మారారు.

చారిత్రక నేపథ్యం

ప్రయాణ బీమా 19వ శతాబ్ది నడుమ రైలు ప్రమాదాల భయం నుంచి పుట్టింది. లండన్‌లో రైల్వే ప్యాసింజర్స్ అష్యూరెన్స్ కంపెనీ ఆ పాలసీలను టికెట్ కిటికీల దగ్గరే అమ్మేది. వాటిలో జబ్బుల ప్రస్తావన లేదు కనుక డాక్టరు నివేదికతో పనిలేకపోయింది. 1950లో వ్లాదిమిర్ రైట్జ్ కోర్సికా ద్వీపంలోని కాల్వీకి విమానంలో యాత్రికులను తీసుకెళ్లి ప్యాకేజీ యాత్రలకు దారి వేశాడు. మధ్యతరగతి, ఆపై కార్మికవర్గం, ఆపై పింఛనుదారులు స్పెయిన్ తీరానికి వెళ్లడం మామూలైంది. ప్రయాణికుల వయసు పెరిగేకొద్దీ బీమాలో వైద్యఖర్చు వాటా పెరిగింది, "ముందునుంచి ఉన్న జబ్బు" అనే మాటకు బరువు పెరిగింది.

జబ్బు సంగతి దాచకూడదన్న సూత్రం మాత్రం ఇంకా పాతది. 1766 నాటి కార్టర్ వర్సెస్ బోయం కేసులో లార్డ్ మాన్స్‌ఫీల్డ్ "పరమ సద్విశ్వాస" సూత్రాన్ని స్థిరపరిచాడు. తగాదా సుమత్రా దీవిలోని మార్ల్‌బరో కోట మీద తీసిన బీమా గురించినది. ఆ సూత్రం 1906 సముద్ర బీమా చట్టంలోకి ఎక్కి, సాధారణ పౌరుల పాలసీలకూ వర్తిస్తూ వచ్చింది. బీమా సంస్థ అడిగినా అడగకపోయినా ముఖ్యమైన సంగతులన్నీ పాలసీదారే చెప్పాలనేది దాని అర్థం. 2012 చట్టం ఈ భారాన్ని తగ్గించింది (చూ. వివాదాలు, పరిష్కారం).

విన్నపాల రకాలు

జీపీ కార్యాలయానికి వచ్చే విన్నపాలు ముఖ్యంగా మూడు వేళల్లో వస్తాయి.

మొదటిది పాలసీ కొనేముందు. ఇది ఇప్పుడు అరుదు. ఫోను మీదో వెబ్‌సైటులోనో ప్రశ్నలడిగి కంప్యూటరు ప్రీమియం లెక్కగట్టే పద్ధతి వచ్చాక, సంక్లిష్టమైన జబ్బులున్న వారి విషయంలోనే సంస్థలు డాక్టరు ఉత్తరం కోరుతున్నాయి.

రెండవది ప్రయాణం రద్దయినప్పుడు. జీపీ బల్ల మీదికి తరచుగా వచ్చేది ఇదే. క్లెయిమ్ ఫారంలో వైద్య ధ్రువపత్రం పేరుతో ఒకటి రెండు పేజీలు డాక్టరు కోసం ఉంటాయి. జబ్బు పేరేమిటి, లక్షణాలు మొదలైందెప్పుడు, మొదటిసారి డాక్టరుకు చూపించుకున్న తేదీ ఏది, పాలసీ కొన్న నాటికి ఏవైనా పరీక్షల కోసం గానీ శస్త్రచికిత్స కోసం గానీ వేచి ఉన్నారా, యాత్ర బుక్ చేసిన నాడు ప్రయాణానికి తగిన స్థితిలో ఉన్నారా, రద్దు చేసుకోమని సలహా ఇచ్చిందెప్పుడు అని అడుగుతారు. చివర సంతకం, ప్రాక్టీసు ముద్ర. ఈ ప్రశ్నల్లో జబ్బు ఎంత తీవ్రమో తెలుసుకోవాలన్న ఆసక్తి తక్కువ. దాదాపు అన్నీ తేదీల చుట్టూ తిరుగుతాయి.

మూడవది విదేశంలో ఆసుపత్రి పాలైనప్పుడు. బీమా సంస్థ తరఫున పనిచేసే సహాయక కంపెనీ గంటల వ్యవధిలో పాత చరిత్ర పంపమని అడుగుతుంది (చూ. అత్యవసర విన్నపాలు).

విమాన సంస్థలు అడిగే పత్రం వేరు. ఇటీవల శస్త్రచికిత్స అయినవారికీ, దారిలో ఆక్సిజన్ కావలసినవారికీ అవి మెడిఫ్ అనే ఫారం ఇస్తాయి. గర్భిణులను 28 వారాలు దాటాక డాక్టరు లేదా మంత్రసాని ఉత్తరం తెమ్మంటాయి. ఎగిరే విమానంలో గాలి ఒత్తిడి దాదాపు ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీది గాలితో సమానం. ఆ స్థితి ఫలానా మనిషి శరీరానికి పడుతుందని హామీ ఇవ్వడం జీపీకి కష్టం. అందుకే "ప్రయాణానికి తగినవాడు" అని ధ్రువీకరించకుండా, తన రికార్డు ప్రకారం ప్రయాణానికి అడ్డయ్యే కారణమేదీ కనబడలేదని మాత్రమే రాసే జీపీలు చాలామంది. అది తప్పించుకునే మాటగా రోగికి తోచవచ్చు కానీ, నిజాయితీగా చెప్పగలిగింది అంతవరకే.

సమ్మతి: 1988 చట్టం

ఈ రంగానికి మూలస్తంభం 1988 వైద్య నివేదికల అందుబాటు చట్టం. 1989 జనవరి 1 నుంచి ఇంగ్లండు, వేల్స్, స్కాట్లండులలో అమలులో ఉంది. ఉత్తర ఐర్లండుకు ఇలాంటిదే 1991లో ఉత్తర్వుగా వచ్చింది. ఉద్యోగం కోసమో బీమా కోసమో, ఆ వ్యక్తికి వైద్యం చేస్తున్న లేక గతంలో చేసిన డాక్టరు నుంచి తెప్పించే నివేదికలకు ఇది వర్తిస్తుంది. బీమా సంస్థ తన ఖర్చుతో పెట్టుకుని, కేవలం పరీక్ష చేయించే బయటి డాక్టరుకు వర్తించదు.

చట్టం ప్రకారం బీమా సంస్థ ముందు రోగికి తెలియజేసి, అతని సమ్మతి తీసుకోవాలి. హక్కులేమిటో కూడా చెప్పాలి. రోగి కాదంటే నివేదిక లేదు. అయితే నివేదిక లేనిదే క్లెయిమ్ ముందుకు కదలదని సంస్థ అనవచ్చు కనుక, ఈ స్వేచ్ఛకు ఆచరణలో ఒక హద్దు ఉంది.

నివేదిక పంపకముందే తనకు చూపించాలని రోగి కోరవచ్చు. అలా కోరితే 21 రోజుల గడువులో అతను డాక్టరును సంప్రదించాలి. ఈలోగా డాక్టరు నివేదిక పంపకూడదు. చూశాక పొరపాటుగానో, తప్పుదారి పట్టించేదిగానో ఉన్న భాగాన్ని సరిదిద్దమని రాతపూర్వకంగా అడగవచ్చు. డాక్టరు ఒప్పుకోకపోతే రోగి తన వాదన రాసి ఇస్తే నివేదికకు జతచేయాలి. చూసిన తరువాత కూడా పంపవద్దని చెప్పే హక్కు రోగికి ఉంది. పంపిన నివేదిక ప్రతిని డాక్టరు కనీసం 6 నెలలు ఉంచాలి, ఆ కాలంలో రోగి అడిగితే చూపాలి. చదివితే రోగి శారీరక, మానసిక ఆరోగ్యానికి తీవ్ర హాని కలుగుతుందనుకున్న భాగాన్ని, మరో వ్యక్తి సంగతి బయటపెట్టే భాగాన్ని చూపకుండా ఆపే అధికారం డాక్టరుకు ఉంది.

సమ్మతి పత్రంలో "నివేదిక ముందుగా చూడాలనుకుంటున్నాను" అనే చిన్న గడి ఒకటి ఉంటుంది. క్లెయిమ్ ఆలస్యమవుతుందన్న తొందరలో దాన్ని వదిలేయడం తేలిక. నివేదిక వెళ్లాక తప్పు దిద్దించడం, వెళ్లకముందు దిద్దించడం కన్నా ఎన్నో రెట్లు కష్టం. ఈ చట్టం రోగికి ఇచ్చిన రక్షణలన్నిటిలో ఆ గడి విలువైనది.

నివేదిక రాసే తీరు

బ్రిటన్ వైద్య మండలి 2017 గోప్యతా మార్గదర్శకాలు డాక్టరును కొన్ని నియమాలకు కట్టిపడేస్తాయి. రోగి దేనికి ఒప్పుకున్నాడో తెలిసే ఒప్పుకున్నాడని నమ్మకం కుదరాలి. అడిగిన ప్రశ్నకు సంబంధించిన సంగతులే ఇవ్వాలి. రుజువు చూపగలిగిన వాస్తవాలే పక్షపాతం లేకుండా రాయాలి. సంబంధమున్న సంగతిని కావాలని వదిలేయకూడదు. రోగి మీద జాలితో తేదీ మార్చడం డాక్టరు లైసెన్సుకే ముప్పు.

ఒక ఊహా ఉదాహరణ ఈ పనిలోని సున్నితత్వాన్ని తెలుపుతుంది. అరవై ఎనిమిదేళ్ల స్త్రీ రెండేళ్ల కిందట ఛాతీలో నొప్పిగా ఉందని వచ్చింది. జీపీ ఆ రోజు రికార్డులో యాంజైనా (గుండెజబ్బు వల్ల వచ్చే నొప్పి) అని రాసి, ముందు ఒక ప్రశ్నార్థకం పెట్టాడు. బ్రిటన్ వైద్యుల రాతలో ఆ గుర్తుకు "అనుమానం మాత్రమే" అని అర్థం. ఈసీజీ మామూలుగా వచ్చింది. నొప్పి కండరాలదని తేలింది. ఆమెకు "గుండెజబ్బు కాదమ్మా" అని చెప్పి పంపారు. ఆమె మరిచిపోయింది. పాలసీ కొనేటప్పుడు గుండెజబ్బు ఉందా అని అడిగితే లేదంది. ఇప్పుడు స్పెయిన్‌లో గుండెపోటు వచ్చింది. నివేదిక రాసేవారు రికార్డు మీద కన్నువేసి, ప్రశ్నార్థకం వదిలేసి "యాంజైనా, ఫలానా తేదీ" అని రాస్తే, ఆమె జబ్బు దాచినట్టవుతుంది. "యాంజైనా అనుమానించి పరీక్షించగా కాదని తేలింది" అని రాస్తే అదే రికార్డు మరో కథ చెబుతుంది. అయితే పాలసీ ప్రశ్న "గుండె సంబంధమైన పరీక్షలేవైనా జరిగాయా" అని ఉంటే, ఈ రెండో నివేదిక కూడా ఆమెను చిక్కుల్లో పెట్టవచ్చు. అందుకే అనుభవమున్న జీపీలు నివేదికలో జబ్బు పేరుతో పాటు, ఆనాడు రోగికి ఏం చెప్పారో కూడా రాస్తారు. రోగికి ఏమి తెలుసు అన్నది తరువాత కీలకమవుతుంది.

మొత్తం రికార్డు అడగడం

కొన్ని సంస్థలు నివేదిక బదులు రోగి పూర్తి రికార్డునే కోరుతాయి. యూరప్ సాధారణ సమాచార రక్షణ నియమావళి, 2018 సమాచార రక్షణ చట్టం 2018 మే 25 నుంచి అమలులోకి వచ్చాక, తన రికార్డు ప్రతిని ఉచితంగా, సాధారణంగా ఒక నెలలోగా పొందే హక్కు ప్రతి వ్యక్తికీ వచ్చింది. అంతకుముందు కాగితపు రికార్డుకు 50 పౌండ్ల వరకు వసూలు చేసే వీలుండేది. హక్కు రోగిది. దాన్ని బీమా సంస్థ రోగి పేరుతో వాడుకుంటే, డబ్బిచ్చి తెప్పించుకోవలసిన నివేదిక స్థానంలో ఉచితంగా మొత్తం జీవిత చరిత్ర దాని చేతికి వస్తుంది. విరిగిన కాలు క్లెయిమ్ కోసం ఇరవై ఏళ్ల కిందటి గర్భస్రావం, కుంగుబాటు, కుటుంబ కలహాలు గుమాస్తా బల్ల మీదికి చేరుతాయి.

బీమా సంస్థలు, ముఖ్యంగా జీవిత బీమా రంగంలో, ఈ దారి పట్టడాన్ని సమాచార కమిషనర్ కార్యాలయం అంతకుముందే, 2015లో, హక్కు దుర్వినియోగంగా పరిగణించింది. 2018 చట్టం 184వ సెక్షన్ ప్రకారం, సేవ ఇవ్వడానికి షరతుగా ఆ హక్కు వాడి ఆరోగ్య రికార్డు తెచ్చివ్వమని ఒత్తిడి చేయడం నేరం. ఇలాంటి విన్నపం వస్తే చాలా ప్రాక్టీసులు రోగికి ఫోను చేసి, మొత్తం రికార్డు వెళ్తుందని తెలుసా అని అడుగుతాయి, లేదా ప్రతిని నేరుగా రోగికే ఇస్తాయి. ఏది ఎవరికి పంపాలో అతనే నిర్ణయించుకుంటాడు. ఈ పద్ధతే సరైనది.

ప్రయాణం చేయని బంధువు

యాత్ర రద్దుకు కారణం తరచుగా యాత్రికుని జబ్బు కాదు. ఇంటి దగ్గరున్న తండ్రికో అత్తగారికో జబ్బు చేస్తుంది. అప్పుడు ధ్రువపత్రం ఇవ్వవలసింది ఆ తండ్రి జీపీ. తండ్రి పాలసీలో లేడు, సంస్థతో అతనికి ఒప్పందం లేదు. అయినా కొడుకు డబ్బు తిరిగి రావాలంటే తన జబ్బు సంగతి అపరిచిత సంస్థకు చెప్పడానికి ఆయన సమ్మతించాలి. కొడుకు సంతకం దీనికి పనికిరాదు. తండ్రి సమ్మతించే స్థితిలో లేకపోతే, 2005 మానసిక సామర్థ్య చట్టం కింద ఆయన తరఫున నిర్ణయాలు తీసుకునే అధికారం పొందినవారు ఉన్నారా అని జీపీ చూడాలి.

తండ్రి చనిపోతే గోప్యత ఆయనతో పోదు. 1990 ఆరోగ్య రికార్డుల అందుబాటు చట్టం ప్రకారం మృతుని వీలునామా అమలుదారు, లేదా ఆ మరణం వల్ల క్లెయిమ్ హక్కు కలిగినవారు, అవసరమైన మేరకు రికార్డు కోరవచ్చు. పిల్లలకు ఈ సంగతి కటువుగా తోస్తుంది. అంత్యక్రియలు ముగిసిన వారానికే ఫారం పట్టుకుని కౌంటరు దగ్గర నిలబడ్డ కూతురికి, మీ నాన్నగారి రికార్డు మీకివ్వడానికి మీకున్న అధికారమేమిటని అడగడం రిసెప్షనిస్టుకూ తేలిక కాదు.

అత్యవసర విన్నపాలు

విదేశపు ఆసుపత్రిలో రోగి స్పృహలో లేనప్పుడు వచ్చే ఫోనులో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉంటాయి: వైద్యం కోసం అక్కడి డాక్టరుకు కావలసినవి, క్లెయిమ్ చెల్లుతుందో లేదో చూసుకోవడానికి సంస్థకు కావలసినవి. వాడే మందులు, పడని మందులు, పాత శస్త్రచికిత్సలు మొదటి కోవ. రోగి మేలు కోసం వీటిని చికిత్స చేసే డాక్టరుకు సమ్మతి లేకపోయినా చెప్పవచ్చు. రెండో కోవకు సమ్మతి కావలసిందే. ఫోనులో మాట్లాడేది ఎవరో నిర్ధారించుకుని, ఆసుపత్రి నంబరుకు తామే తిరిగి ఫోను చేయడం మంచి ప్రాక్టీసుల అలవాటు.

రుసుము

ఎన్‌హెచ్‌ఎస్ ఒప్పందం ప్రకారం తన దగ్గర నమోదైన రోగికి చేసే వైద్యానికి జీపీ డబ్బు తీసుకోకూడదు. బీమా పత్రాలు ఆ ఒప్పందంలో భాగం కావు, కనుక రుసుము అడగవచ్చు. రాయడానికి నిరాకరించే స్వేచ్ఛ కూడా ఉంది. నివేదిక కోరింది బీమా సంస్థ అయితే సాధారణంగా అదే చెల్లిస్తుంది. రద్దు ధ్రువపత్రం ఖర్చు మాత్రం మామూలుగా పాలసీదారుదే. రుసుము ఇంతని దేశమంతటికీ ఒకే ధర లేదు, ప్రాక్టీసుల గోడల మీద పట్టికలు వేర్వేరుగా ఉంటాయి. యూరోపియన్ కోర్టు 2003 నవంబరులో ఇచ్చిన దాంబ్రుమెనిల్ తీర్పు ఫలితంగా 2007 మే 1 నుంచి బీమా నివేదికలకు విలువ ఆధారిత పన్ను వర్తిస్తోంది. వైద్యం చేయడం ఆ కోర్టు దృష్టిలో ఒకటి, మరొకరి నిర్ణయానికి సాయంగా కాగితం రాయడం మరొకటి.

వివాదాలు, పరిష్కారం

2012 వినియోగదారుల బీమా చట్టం 2013 ఏప్రిల్ 6న అమలులోకి వచ్చింది. ఇప్పుడు పాలసీదారు బాధ్యత, అడిగిన ప్రశ్నకు తగు జాగ్రత్తతో నిజం చెప్పడం మాత్రమే. తెలిసి అబద్ధమాడితే సంస్థ పాలసీని రద్దు చేయవచ్చు. అజాగ్రత్తతో తప్పు చెబితే, నిజం తెలిసి ఉంటే సంస్థ ఏం చేసేదో చూడాలి. ప్రీమియం 200 పౌండ్లు కావలసినచోట 100 వసూలై ఉంటే, క్లెయిమ్‌లో సగం ఇవ్వాలి. తగు జాగ్రత్త తీసుకుని చెప్పినవారి క్లెయిమ్‌ను ఈ సాకుతో తోసిపుచ్చడానికి వీల్లేదు. యాంజైనా ఉదాహరణలోని స్త్రీకి ఆనాడు డాక్టరు ఏం చెప్పాడన్నది ముఖ్యం కావడం ఇందువల్లనే.

ఫిర్యాదుకు సంస్థ 8 వారాల్లో తుది జవాబు ఇవ్వాలి. తృప్తి కలగకపోతే 6 నెలల్లోగా ఫైనాన్షియల్ అంబుడ్స్‌మన్ సేవను ఆశ్రయించవచ్చు. వినియోగదారుకు ఖర్చు లేదు. తీవ్రమైన జబ్బులున్న వారికి పాలసీ ఇచ్చే సంస్థల జాబితా వైపు దారి చూపాలని 2021లో ఆర్థిక నియంత్రణ సంస్థ నిబంధన తెచ్చింది.

తెలుగు ప్రయాణికులు

పిల్లల దగ్గరికి అమెరికా, బ్రిటన్ వెళ్లే తెలుగు తల్లిదండ్రులకు ఈ పత్రం మరో రూపంలో ఎదురవుతుంది. దారిలో యూరప్ దేశాలు చూడాలనుకుంటే కావలసిన షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ఇంగ్లండులో సందర్శకులకు అత్యవసర విభాగంలో చూపించుకోవడం ఉచితమే కానీ, ఆసుపత్రిలో చేర్చుకుంటే ఎన్‌హెచ్‌ఎస్ ఖర్చుకు 150 శాతం కట్టవలసి రావచ్చు. అమెరికా సందర్శక పాలసీలు చాలావాటిలో పాత జబ్బు "ఉన్నట్టుండి తీవ్రమైతే"నే డబ్బు వస్తుంది. అప్పుడు సంస్థ అడిగేది భారతదేశంలోని పాత రికార్డు.

జీపీ లాంటి ఏకైక గుమ్మం మనకు లేదు. ఊళ్లో ఆర్‌ఎంపీ, పట్నంలో షుగరు డాక్టరు, హైదరాబాదులో గుండె డాక్టరు, ప్లాస్టిక్ కవరులో మడతలు పడ్డ చీటీలు, రికార్డంటే అంతే. 2002 భారత వైద్య మండలి నిబంధనల ప్రకారం ఆసుపత్రిలో చేరిన రోగి రికార్డును 3 సంవత్సరాలు భద్రపరచాలి, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. బయటి రోగి చీటీకి ఆ భద్రత లేదు. 2021 సెప్టెంబరులో దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ 14 అంకెల ఆరోగ్య ఖాతాతో ఈ లోటు పూడ్చే ప్రయత్నం చేస్తోంది. ఆ లోటు పూడేవరకు ప్రయాణానికి ముందే చీటీలను తేదీల వరుసలో పెట్టుకోవాలి. బీపీ, షుగరు మొదట బయటపడిన తేదీ, ఇప్పుడు వాడే మందులు, చివరిసారి మోతాదు మార్చిన తేదీ డాక్టరు చేత లెటర్‌హెడ్ మీద రాయించి, ముద్ర వేయించి, ఒక ప్రతి పిల్లల దగ్గర ఉంచాలి. క్లెయిమ్ ఫారం అడిగేవి ఆ తేదీలే.